సెయింట్ పాల్ ద వాన్స్: ఒక్క రోజు, అమ్మానాన్నలతో, మోకాళ్ళ నొప్పితో

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, అమ్మానాన్నలు గుంటూరు నుంచి, సెప్టెంబర్‌లో మూడు రోజులు ఫ్రాన్స్ దక్షిణాన నీస్‌లో ఉంటారు. ఒక రోజు కొండ మీది ఊరు ఏదైనా చూడాలని ఉంది. సెయింట్ పాల్ ద వాన్స్ స్వర్గం అని ఒకళ్ళు, షాపులు తప్ప ఏమీ లేదు అని ఇంకొకళ్ళు చెప్పారు. మీ ప్లాన్ మాత్రం ఊళ్ళోకి వెళ్ళి రావడమే. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, అమ్మగారు శాకాహారి. ఇంట్లో ఎవరికీ పెయింటింగుల గురించి పెద్దగా తెలీదు. వెళ్ళొచ్చా, లేక అలాంటిదే ఇంకో కొండ ఊరు ఎజ్‌కి పోవడం మేలా? అక్కడి గ్యాలరీల్లో ఏమైనా కొనొచ్చా?

వెళ్ళండి. కాకపోతే ఊరికి పక్కనే పైన్ చెట్ల మధ్య మాగ్ ఫౌండేషన్ అని ఒక మ్యూజియం ఉంది, దానికి కనీసం రెండు గంటలు కేటాయించగలిగితేనే వెళ్ళండి. అది వదిలేసి ఊళ్ళోకి మాత్రం వెళ్తే మీకు ఆ రెండో ఆయన చెప్పిందే కనిపిస్తుంది.

నేను సోఫియా ఆంటిపోలిస్‌లో పని చేస్తాను, అదే ఆంటీబ్ పక్కన ఉన్న ఐటీ పార్కు, మనవాళ్ళు బాగానే ఉంటారు ఇక్కడ. తొమ్మిదేళ్ళయింది. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఈ ఊరికి తీసుకెళ్ళే డ్యూటీ నాదే. మా అత్తగారు, మామగారు, మా పెద్దన్నయ్య కుటుంబం, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు, ఇలా లెక్క పెట్టడం మానేశాను. మొదటిసారి మాత్రం ఘోరంగా చేశాను, అది ముందు చెప్తాను, ఎందుకంటే మీరు వేసుకున్న ప్లాన్ కూడా దాదాపు అదే.

ఆగస్టు, ఆదివారం, పదకొండింటికి చేరాం. పార్కింగ్ నిండిపోయింది, రోడ్డు పక్కన ఎక్కడో కిందకి పెట్టి ఎండలో నడిచి పైకి వచ్చాం. కోట గుమ్మం దాటగానే రూ గ్రాండ్ అనే పెద్ద వీధి, పేరుకే పెద్ద, ఇద్దరు చేతులు చాపితే గోడలు తగిలేంత సందులా ఉంటుంది కొన్ని చోట్ల. అందులో జనం మన ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఆదివారం సాయంత్రంలాగా. అటూ ఇటూ గ్యాలరీలు, సబ్బుల కొట్లు, ఆలివ్ నూనె కొట్లు, మళ్ళీ గ్యాలరీలు. మా అత్తగారు నలభై నిమిషాల్లో ఊరి రెండో చివరకి చేరుకుని, "అయిపోయిందా బాబూ?" అన్నారు. అయిపోయింది మరి. ఊరు అంతే. గోడ చుట్టూ తిరిగితే కిలోమీటరు ఉంటుందేమో. మధ్యాహ్నం రెండింటికి ఆకలితో, చిరాకుతో వెనక్కి వచ్చేశాం. మాగ్ అనే పేరున్న బోర్డు దారిలో కనిపించింది, "ఇంకో మ్యూజియమా" అనుకుని వదిలేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కాబట్టి మీకు చెప్పిన ఇద్దరూ నిజమే చెప్పారు, వాళ్ళు వెళ్ళిన టైము వేరు, అంతే. పొద్దున తొమ్మిదింటికి లేదా సాయంత్రం ఆరు దాటాక అదే వీధిలో మీ చెప్పుల చప్పుడు మీకే వినిపిస్తుంది. కొట్లు మూసి ఉంటాయి, అదే అందం.

ముందు ఊరి సంగతి కొంచెం. ఇప్పుడు నీస్ ఫ్రాన్స్‌లో పెద్ద ఊరు గానీ, 1860 దాకా చాలావరకు అది సవోయ్ రాజుల కింద ఉండేది. మధ్యలో వార్ అనే నది, ఎయిర్‌పోర్ట్ పక్కనే సముద్రంలో కలుస్తుంది, మీరు విమానం దిగేటప్పుడు చూస్తారు, అదే అప్పటి సరిహద్దు. సెయింట్ పాల్ ఆ నదికి ఇటు, ఫ్రాన్స్ వైపు కాపలా ఊరు. అందుకే రాజు మొదటి ఫ్రాన్స్వా 1540ల్లో దాని చుట్టూ ఈ గోడ కట్టించాడు. ఆ గోడ కోసం బోలెడు ఇళ్ళు కూల్చేశారు, ఆ జనం వెళ్ళి కొంచెం అవతల స్థిరపడిన చోటే ఇప్పటి లా కోల్ అనే ఊరు. ఈ ముక్క చెప్తే మా మామగారు వెంటనే "ఓహో, ముంపు గ్రామాల్లాగా" అన్నారు. ఆయనది శ్రీశైలం ప్రాజెక్టు వైపు. గుమ్మం దగ్గర ఒక ఫిరంగి ఉంటుంది, పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతారు.

యుద్ధాలు పోయాక కొన్ని వందల ఏళ్ళు ఈ ఊరిని పట్టించుకున్నవాడు లేడు. ద్రాక్ష, ఆలివ్, పూలు, నారింజ పండించుకునే రైతుల ఊరు. మరి పెయింటర్లు ఎందుకు వచ్చారు? దీనికి అందరూ "ఇక్కడి వెలుతురు" అంటారు, నిజమే, చలికాలంలో కూడా ఇక్కడ ఆకాశం కడిగినట్టు ఉంటుంది. కానీ నాకు తెలిసిన పెద్ద కారణాలు ఇంకో రెండు: చౌక, ఆరోగ్యం. కిందనే ఉన్న కాన్య్ ఊళ్ళో రెన్వార్ అనే పెద్ద పెయింటర్ 1907లో స్థలం కొని ఇల్లు కట్టించుకున్నాడు, ఎందుకంటే ఆయనకి కీళ్ళవాతం, వెచ్చగా ఉండే చోటు కావాలి. అంటే ఈ కథ మొదలైందే ఒక పెద్దాయన కీళ్ళ నొప్పులతో, నాన్నగారికి ఈ సంగతి చెప్పండి. రెన్వార్ చనిపోయేదాకా, 1919 వరకు, అక్కడే ఉన్నాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, చుట్టూ పాత ఆలివ్ తోట. ఆయన వెనకాల, తర్వాత తరం కుర్రాళ్ళు కాన్య్, వాన్స్, సెయింట్ పాల్ మధ్య తిరగడం మొదలుపెట్టారు.

ఇక్కడే పాల్ రూ వస్తాడు. ఊరి రైతు కుటుంబం వాడు, 1920లో కోట గుమ్మం బయట చిన్న కేఫ్ పెట్టాడు. తర్వాత దాన్ని పెంచి గదులు కట్టి లా కొలొంబ్ దోర్ అని పేరు పెట్టాడు, బంగారు పావురం అని అర్థం. పాల్ రూకి బొమ్మలంటే పిచ్చి, తనూ వేసేవాడు. డబ్బుల్లేని పెయింటర్లు తిని, పడుకుని, బదులుగా ఒక బొమ్మ ఇచ్చేవాళ్ళు. మన పచారీ కొట్లో ఖాతా రాయించుకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ నెలాఖరున డబ్బులకి బదులు కాన్వాస్. ఇప్పుడు ఆ హోటల్ గోడల మీద పికాసో, మాతీస్, బ్రాక్, మీరో లాంటి పెద్ద పెయింటర్ల బొమ్మలు ఉన్నాయి. డాబా మీద లెజే చేసిన పెద్ద సిరామిక్ గోడ, ఈత కొలను పక్కన కాల్డర్ చేసిన మొబైల్, అంటే గాలికి కదిలే శిల్పం. ఇప్పటికీ అదే కుటుంబం నడుపుతోంది.

ఈ కథని టూర్ గైడులు కొంచెం ఎక్కువ చేసి చెప్తారు. పికాసో అన్నానికి డబ్బుల్లేక బొమ్మ ఇచ్చాడన్నట్టు. ఆయన ఈ వైపు రావడం మొదలుపెట్టే నాటికే ప్రపంచంలో పేరున్నవాడు, కావాలంటే ఆ హోటలే కొనేవాడు. ఖాతా కథ మొదటి రోజుల వాళ్ళకి వర్తిస్తుంది, తర్వాతది స్నేహం. నాకైతే రెండోదే ఇంకా నచ్చుతుంది.

లోపలికి వెళ్ళి చూడొచ్చా అంటే, తినేవాళ్ళకి, గది తీసుకున్నవాళ్ళకి మాత్రమే. చాలా ముందు బుక్ చేసుకోవాలి, ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది, మెనూలో శాకాహారికి దొరికేది తక్కువ. మీ అమ్మగారు శాకాహారి అన్నారు కాబట్టి నేనైతే వద్దంటాను. బయట నుంచి రాతి గోడ చూడండి, ఎదురుగా చెట్ల కింద ఉన్న కేఫ్‌లో కూర్చుని కాఫీ చెప్పండి. ముందు మట్టి మైదానంలో పెద్దవాళ్ళు పెటాంక్ ఆడుతుంటారు, ఇనుప బంతులు విసిరే ఆట. మన గోలీలాటకి పెదనాన్న అనుకోండి: చిన్న చెక్క బంతి వేసి, దానికి దగ్గరగా ఎవరి ఇనుప బంతి ఆగితే వాళ్ళకి పాయింట్. నటుడు, గాయకుడు ఈవ్ మోంటాన్ ఇక్కడ ఆడేవాడు. ఆయనా, సిమోన్ సిన్యోరే అనే నటీ 1949లో ఈ ఊళ్ళోనే కలిశారు, 1951లో ఈ ఊళ్ళోనే పెళ్ళి చేసుకున్నారు. ఊరి టూరిస్ట్ ఆఫీసులో ఆ బంతులు అద్దెకిస్తారు. నాన్నగారికి ఊరంతా తిరగడం కష్టమైతే ఇదొక్కటి చాలు, మా మామగారిని అక్కడి నుంచి లేపడానికి నాకు గంట పట్టింది.

సరే, మాగ్.

ఎమే మాగ్ లిథోగ్రఫీ, అంటే రాతి పలక మీద గీసి బొమ్మలు అచ్చు తీసే పని, నేర్చుకున్న మనిషి. సినిమా పండగ జరిగే కాన్ ఊళ్ళో ఆయనకీ భార్య మార్గరిట్‌కీ చిన్న ప్రింటింగ్ కొట్టు ఉండేది. అక్కడే పెయింటర్లతో పరిచయాలు, యుద్ధం అయ్యాక 1945లో పారిస్‌లో గ్యాలరీ, అక్కడి నుంచి బొమ్మల వ్యాపారంలో పెద్ద డీలర్ అయ్యాడు. వాళ్ళ చిన్న కొడుకు బెర్నార్ పదకొండేళ్ళకి, 1953లో, లుకేమియాతో చనిపోయాడు. దంపతులు కుప్పకూలిపోతే స్నేహితులైన బ్రాక్, లెజే లాంటివాళ్ళు ఏదైనా కట్టండి, పనిలో పడండి అని వెంటపడ్డారట. సెయింట్ పాల్ పక్కన వాళ్ళ స్థలంలో సెయింట్ బెర్నార్ పేరు మీదే ఉన్న ఒక పాడుబడ్డ చిన్న గుడి బయటపడింది. కొడుకు పేరు. దాన్ని మళ్ళీ కట్టారు, దాని చుట్టూ ఈ మ్యూజియం లేచింది. 1964 జూలైలో తెరిచారు, అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో వచ్చాడు. ఆ గుడి ఇప్పటికీ ఆవరణలో ఉంది, చాలా చిన్నది, బ్రాక్ వేసిన రంగుల అద్దం ఉంటుంది, తెల్ల పక్షి. జనం ఫోటో తీసుకుని రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. కథ తెలిసి లోపలికి వెళ్తే అలా రాలేరు. మా అత్తగారు అక్కడ కూర్చుని చాలాసేపు లేవలేదు, నేనేమీ అడగలేదు.

భవనం కట్టింది జోసెప్ లూయిస్ సెర్ట్, బార్సిలోనావాడు, మీరోకి స్నేహితుడు. దూరం నుంచి చూస్తే కప్పు మీద రెండు తెల్లటి దోనెలు ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉన్నట్టు ఉంటుంది. అలంకారం అనుకున్నాను చాలా రోజులు. కాదట, వాన నీళ్ళు పట్టి కింద కొలనుల్లోకి పంపడానికి. మా మామగారు ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైర్ అయ్యారు, బొమ్మల జోలికి ఎప్పుడూ పోలేదు, కానీ ఆ దోనెల కింద నిలబడి నీళ్ళు ఎటు దిగుతాయో పావుగంట వెతికారు. లోపల గదుల్లో పైనుంచి వెలుతురు నేరుగా కాకుండా వంపు తిరిగి పడేలా కట్టారు, ఎండ బొమ్మ మీద పడదు, గది మాత్రం చీకటిగా ఉండదు. బొమ్మలు అర్థం కావాలన్న టెన్షన్ లేకుండా ఇలా ఇంటిని ఇల్లులా చూస్తూ తిరగమని చెప్పండి నాన్నగారికి.

బయట ఆవరణలో జాకొమెత్తి అనే శిల్పి చేసిన సన్నటి కంచు మనుషులు ఉంటారు, నడుస్తున్నట్టు. "ఇంత బక్కచిక్కినా ఆగట్లేదే వీడు" అన్నారు మామగారు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంతకంటే బాగా చెప్పలేదు. మీరో తోట ఇంకో వైపు, మెట్లు మెట్లుగా కొండ వాలులో దిగుతుంది. పెద్ద గుడ్డు ఒకటి నీళ్ళలో, పక్షులు, గోడల్లోంచి తలలు పెట్టి చూసే జంతువులు, పైన ఆకాశానికి ఎత్తిపట్టిన పంగల గడ్డపార లాంటిది. పిల్లలుంటే అక్కడే వదిలేయొచ్చు. కొలను అడుగున బ్రాక్ మొజాయిక్ చేపలు, నీళ్ళు కదిలితే చేపలు కదులుతాయి. గోడ మీద షగాల్ మొజాయిక్. వీటిలో చాలామటుకు ఎక్కడి నుంచో కొని తెచ్చి పెట్టినవి కావు, ఆ చోటు కోసమే వాళ్ళు చేసినవి, తేడా అక్కడ తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట, మనవాళ్ళకి పెద్దగా తెలియనిది. మీరో ప్రింట్లు వేసిన అటెలియే 17 అనే స్టూడియో ఒకటి పారిస్‌లో ఉండేది. అందులో చాలా ఏళ్ళు పనిచేసి, ఒకే పలక మీద నుంచి రకరకాల రంగులు ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని ముందుకు తీసుకెళ్ళిన వాళ్ళలో ఒకాయన కృష్ణారెడ్డి, చిత్తూరు దగ్గర పుట్టి, శాంతినికేతన్‌లో చదువుకున్న మనిషి. మాగ్‌లో మీరో ప్రింట్ ఏదైనా గోడ మీద కనిపిస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు. అమ్మానాన్నలకి చెప్తే "మన చిత్తూరాయనా!" అని ఒక్కసారిగా ఆసక్తి వస్తుంది, ఇది చాలాసార్లు పరీక్షించి చెప్తున్నాను.

2024లో కింద భూమిలోకి కొత్త హాళ్ళు కట్టారు, పైన భవనం ముట్టుకోకుండా. దాంతో వాళ్ళ సొంత సేకరణ ఎక్కువగా చూపిస్తున్నారు. టిక్కెట్ మనిషికి 15 యూరోలు దాటుతుంది, ముగ్గురికి కలిపి మీకు కొంచెం గుచ్చుకుంటుంది. ఈ ఒక్క దాని మీదే ఖర్చు పెట్టండి, షాపుల్లో లావెండర్ సంచులు మానేయండి. అవి నీస్‌లో సగం ధరకి దొరుకుతాయి.

మోకాళ్ళ విషయం. ఊళ్ళో నేల అంతా నది గులకరాళ్ళు నిలబెట్టి పాతింది, పువ్వుల్లా, సూర్యుడిలా డిజైన్లు, అందంగా ఉంటుంది, అరిగి నున్నగా కూడా ఉంటుంది. వాన పడితే జారుతుంది. చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు వేయించండి. రూ గ్రాండ్ పెద్దగా ఎక్కడం లేదు, మెల్లగా వంపు. పక్క సందులన్నీ మెట్లే. మధ్యలో 1850 నాటి రాతి ఫౌంటెన్ ఉంది, పెద్ద పూలకుండీ ఆకారం, అక్కడ ఆగడానికి చోటు ఉంటుంది. ఊరి నుంచి మాగ్‌కి నడిస్తే పదిహేను నిమిషాలు గానీ ఎక్కుడు దారి, అందుకని నాన్నగారిని పొద్దున్నే ట్యాక్సీలో నేరుగా మాగ్ గేటు దాకా తీసుకెళ్ళి, అక్కడి నుంచి దిగుతూ ఊళ్ళోకి నడిపించండి. దిగడం కూడా మోకాళ్ళకి అంత మంచిది కాదని తెలుసు, కానీ ఎండలో ఎక్కడం కంటే నయం. మధ్యలో గోడల మీద కూర్చోవచ్చు.

ఎజ్ అడిగారు కదా. అక్కడ నేరుగా సముద్రం మీద నిలబడ్డట్టుంటుంది, సముద్ర మట్టానికి 400 మీటర్ల పైన, ఫోటోకి దాన్ని మించింది లేదు. కానీ పైన కాక్టస్ తోట దాకా నిటారు మెట్లు, అది ఎక్కకపోతే వెళ్ళిన పనే లేదు. నాన్నగారితో అయితే సెయింట్ పాల్. మీరొక్కరే ఇంకోసారి వస్తే ఎజ్.

ఊళ్ళో ఇంకా చూడాల్సింది రూ గ్రాండ్ ఆ చివర, కోట బయట ఉన్న స్మశానం. అవును, అమ్మగారు "అక్కడికెందుకు" అంటారు, మా అత్తగారూ అన్నారు, తర్వాత స్నానం చేయాలా అని కూడా అడిగారు. బయటి నుంచే చూసినా సరే. సైప్రస్ చెట్లు, వెనక లోయ, దూరంగా సముద్రం గీత. అందులో మార్క్ షగాల్ సమాధి ఉంది. రష్యా సామ్రాజ్యంలో విటెబ్స్క్ ఊళ్ళో 1887లో పుట్టిన యూదు, రెండు యుద్ధాలు, ఒక విప్లవం, నాజీల నుంచి పారిపోవడం, ఇవన్నీ చూసి, చివరి ఇరవై ఏళ్ళు ఈ ఊరి పక్కన ఉండి 1985లో, 97 ఏళ్ళకి, ఇక్కడే పోయాడు. సాదా రాతి పలక, మీద భార్య పేరు కూడా. పలక నిండా చిన్న చిన్న గులకరాళ్ళు ఉంటాయి, ఎవరో పిల్లలు ఆడి వదిలేశారనుకోకండి, తీసేయకండి. యూదుల ఆచారం ప్రకారం వచ్చినవాళ్ళు పూలకి బదులు రాయి పెడతారు. ఆయన బొమ్మల్లో మనుషులు, మేకలు, కోళ్ళు గాల్లో ఎగురుతుంటాయి. అవి నీస్‌లో ఆయన పేరు మీద ఉన్న మ్యూజియంలో ముందు రోజు చూసి వస్తే, ఈ పలక ముందు నిలబడటం వేరుగా ఉంటుంది.

జేమ్స్ బాల్డ్విన్ కూడా ఇక్కడే ఉన్నాడు, అమెరికా నల్లజాతి రచయిత, 1970 ప్రాంతాల నుంచి 1987లో చనిపోయేదాకా. కోట కిందనే పాత ఇల్లు, తోటలో పెద్ద బల్ల, ఎవరొచ్చినా భోజనం. ఆ ఇంటి కోసం వెతక్కండి. చాలామటుకు కూల్చేసి ఖరీదైన ఫ్లాట్లు కట్టారు. షగాల్‌కి సమాధి, మోంటాన్‌కి మైదానం మిగిలింది, ఆయనకి ఊళ్ళో మిగిలింది తక్కువ. సమాధి కూడా న్యూయార్క్ వైపు ఉంది. నాకు ఈ ఊరి మీద ఉన్న ఒకే ఒక్క కోపం ఇదే.

ఫోలోన్ గుడి అని ఒకటి చర్చి పక్కన, బెల్జియం చిత్రకారుడు పాత ప్రార్థన మందిరాన్ని లోపల రంగులతో నింపాడు, ఆయన పోయాక 2008లో పూర్తయింది. పది నిమిషాల పని. వెనక గోడ మొత్తం మొజాయిక్. టైముంటే చూడండి.

తిండి సంగతికి వద్దాం, ఇది పెయింటింగుల కంటే ముఖ్యం అని నాకు తెలుసు. నీస్‌లో సొక్కా అడగండి. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, పెద్ద రాగి పళ్ళెంలో పొయ్యిలో కాల్చి పైన మిరియాల పొడి. శనగపిండి అట్టే, ఇంకో మాట లేదు, అమ్మగారు ఉల్లిపాయ వేయలేదేంటని అడుగుతారు. గుమ్మడి జాతి పువ్వుల బజ్జీలు కూడా దొరుకుతాయి, అవీ బాగుంటాయి. జాగ్రత్త పడాల్సింది పిస్సలాదియేర్ దగ్గర: చూడ్డానికి ఉల్లిపాయల పిజ్జాలా అమాయకంగా ఉంటుంది, ఆంచోవీ అనే చిన్న చేపలు అందులో ఉంటాయి, పైన కనిపించకపోయినా ఉల్లిపాయల్లో కలిపి ఉండొచ్చు. పాన్ బాన్యా శాండ్‌విచ్‌లో ట్యూనా. సలాడ్ నిస్వాజ్‌లో కూడా అంతే. మా అత్తగారికి ఒక హోటల్లో "కూరగాయలే" అని చెప్పి తెచ్చిన పళ్ళెంలో మూడో ముద్దకి చేప వచ్చింది, వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు మరి. ఆ రోజు ఆవిడ ఇంకేమీ తినలేదు. అప్పటి నుంచి మాంసం వద్దు అని మాత్రమే కాకుండా చేప వద్దు, ఆంచోవీ వద్దు అని విడివిడిగా చెప్తున్నాను, "సాఁ పువాసోఁ, సాఁజ్ ఆఁషువా" అంటే అర్థమవుతుంది. ఊళ్ళో రెస్టారెంట్లు ఖరీదు, పన్నెండున్నరకి నిండిపోతాయి, రెండు దాటితే వంటగది మూసేస్తారు. నా సలహా: పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి. కోట గోడ వెంట దక్షిణం వైపు ఎక్కడో ఒక చోట బెంచీ దొరుకుతుంది, కింద ద్రాక్ష తోట, దూరంగా సముద్రం. పెరుగు ప్యాకెట్ నీస్ సూపర్‌మార్కెట్‌లో ముందు రోజే కొనేయండి.

వెళ్ళే దారి. నీస్ నుంచి దాదాపు 20 కిలోమీటర్లు. బస్సు ఉంది, చౌక, వాన్స్ దాకా వెళ్ళేదే సెయింట్ పాల్‌లో ఆగుతుంది. పాత బ్లాగుల్లో 400 నంబర్ అని కనిపిస్తుంది, తర్వాత నంబర్లు మార్చారు, కాబట్టి నంబరు కంఠస్థం చేయకుండా బస్సుల యాప్‌లో ఆ రోజు చూసుకోండి. లేదంటే రైల్లో కాన్య్ సుర్ మెర్ దాకా, పావుగంట, అక్కడి నుంచి బస్సు. ఆదివారం బస్సులు పలచబడతాయి. యాప్ క్యాబ్ వెళ్ళేటప్పుడు ఇట్టే దొరుకుతుంది, వచ్చేటప్పుడు కొండ మీద దొరకదు, ఇది చాలామంది తెలుసుకునేది సాయంత్రం ఏడింటికి. మాగ్‌కి పొద్దున ట్యాక్సీలో వెళ్ళి, వచ్చేటప్పుడు బస్సు అనుకుంటే సరిపోతుంది.

ఓపికుంటే అదే బస్సులో ఇంకాస్త ముందుకు, వాన్స్‌లో మాతీస్ గుడి. ఇది కూడా తెలుసుకుని వెళ్ళాల్సిన చోటే. మాతీస్‌కి 1941లో పెద్ద ఆపరేషన్ అయింది, తర్వాత రాత్రిపూట చూసుకోవడానికి ఒక కుర్ర నర్సు వచ్చింది, మోనీక్ బూర్జ్వా. బొమ్మలకి మోడల్‌గా కూడా కూర్చుంది. తర్వాత ఆమె సన్యాసం తీసుకుని సిస్టర్ జాక్ మారీ అయి వాన్స్‌లోనే ఉన్న కాన్వెంట్‌కి వచ్చింది, అప్పటికి మాతీస్ కూడా వాన్స్‌లోనే ఉన్నాడు. వాళ్ళ ప్రార్థన గదికి ఒక రంగుల అద్దం ఎలా చేయాలని ఈమె అడిగితే, ఎనభైకి దగ్గరవుతున్న మనిషి మొత్తం గుడే కట్టించాడు, నేల నుంచి పూజారి బట్టల దాకా తనే డిజైన్ చేశాడు. 1951లో తెరిచారు. లోపల గోడలన్నీ తెల్ల పలకలు, మీద నల్ల గీతలతో బొమ్మలు, అద్దాల్లో మూడే రంగులు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎండ కదిలినకొద్దీ ఆ రంగు నేల మీద నడుస్తుంది. ఫోటోలు తీయనివ్వరు, అది ఒకందుకు మంచిదే. వారంలో కొన్ని రోజులు మూసి ఉంటుంది, మధ్యాహ్నం కూడా మూస్తారు. నేను రెండుసార్లు మూసిన తలుపు చూసి వచ్చాను, టైములు చూసుకోకుండా వెళ్ళిన తప్పు నాదే. బస్టాండ్ నుంచి పావుగంట పైనే నడక, ఎత్తుపల్లాలు, కాబట్టి నాన్నగారిని అడిగి నిర్ణయించుకోండి. మాగ్, ఊరు, ఇది మూడూ ఒకే రోజు అంటే నేను ఒప్పుకోను. చలికాలం పొద్దున పదకొండుకి అక్కడి వెలుతురు బాగుంటుందని చెప్తారు, ఇంకోసారి వచ్చినప్పుడు చూడొచ్చు.

గ్యాలరీల్లో కొనడం గురించి అడిగారు. సరదాకి చూడండి. ఈ ఊరి పేరు చెప్పుకుని అమ్మే బొమ్మలే ఎక్కువ, మాతీస్ తిరిగిన వీధిలో అమ్మినంత మాత్రాన ధరకి న్యాయం జరగదు. మాగ్ పుస్తకాల కొట్లో పోస్టర్ ఒకటి కొనుక్కుంటే గుంటూరు దాకా గొట్టంలో భద్రంగా వెళ్తుంది. మా అత్తగారింట్లో టీవీ పైన మీరో పోస్టర్ ఉంది ఇప్పుడు, పక్కన వెంకటేశ్వర స్వామి క్యాలెండర్. వచ్చినవాళ్ళు ఏ పిల్లాడు గీశాడని అడుగుతారు, ఆవిడ సరిచేయరు.

సెప్టెంబర్ మంచి నెల, మొదటి రెండు వారాలు ఇంకా ఎండ ఉంటుంది, టోపీ, నీళ్ళు పెట్టుకోండి. దిగగానే, మర్చిపోకుండా, బస్టాప్‌లో అంటించిన టైముల కాగితం ఫోటో తీసుకోండి. తిరిగి వెళ్ళే వైపు స్టాప్‌ది, వచ్చిన వైపుది కాదు.